పిడికెడు బియ్యానికి కావలి

“రాసుకో సారు. మూడు... ఒకటి... ఆరు. తర్వాత రెండు... ఎనిమిది... సున్న.”

గడప దాటబోతున్న సంగీత కాలు గాల్లోనే ఆగిపోయింది. రేపటి ఆరాధన కోసం చర్చి ఊడ్చి, నల్లబోర్డు తుడిచి, చేతికంటిన సుద్దపొడి కూడా కడుక్కోకుండా వచ్చిందామె. లోపల అత్త మరియమ్మ మంచం మీద కూర్చుని, ఒళ్లో బైబిలు తెరుచుకుని, వేలితో ఒక్కొక్క అంకే తడుముతూ ఫోన్లో అప్పజెబుతోంది.

ఏటీఎం కార్డు అత్త ఆ బైబిల్లోనే దాచడం సంగీత చాలాసార్లు చూసింది. చర్చి డబ్బంతా ఆ కార్డు మీదే ఉంది.

అది మామూలు డబ్బు కాదు. గూడూరు చర్చి ఆడవాళ్లు ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. ఆదివారం తెచ్చి చర్చిలో కుప్ప పోస్తారు. ఆ బియ్యం వేలం వేయగా వచ్చిన డబ్బు మరియమ్మ పేరు మీదున్న ఖాతాలో చేరుతుంది. రెండేళ్లలో అరవై ఎనిమిది వేలయింది. కూలి చేసుకునే ఐలేశ్ బిడ్డ శ్రేయకు మహబూబాబాద్‌లో నర్సింగు సీటు వస్తే, ఫీజు ఆ డబ్బుతోనే కడతామని అందరూ మాటిచ్చారు. సీటు వచ్చింది. ఫీజు గడువు సోమవారం. ఇవాళ శనివారం.

కార్డు మరియమ్మ దగ్గర వద్దని నెల కిందటి మీటింగులో లేచి చెప్పింది సంగీతే. “అత్తమ్మ ఐదో తరగతి దాటలే. గిప్పటి మోసాలు ఆమెకేం ఎరుక?” అంది. ఎవరు వింటారు? ఐదు పాటలు పాడించనిదే పాస్టరుగారిని ప్రసంగానికి లేవనివ్వని మనిషి మరియమ్మ. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం కోడలికి తప్ప చర్చిలో ఇంకెవరికీ లేదు.

“అత్తమ్మా, ఎవరు ఫోన్ల?”

మరియమ్మ తల తిప్పకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. “బ్యాంకు సారంటనే. కార్డు బందైతదట. జర ఆగు.” మళ్లీ ఫోన్లో గొంతు మెత్తగా చేసింది. “ఏంది సారు, తప్పొస్తున్నదా? అయ్యో, నా కండ్లద్దాలు పాతయి బిడ్డా. మల్ల మొదటికెల్లి చెప్త.”

తప్పొచ్చిందనగానే సంగీతకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మళ్లీ చెబుతాననగానే అది మళ్లీ పోయింది.

“చెప్పకు అత్తమ్మా! గది దొంగ ఫోను!”

“నువ్వుండవే, సారుకు కోపమొస్తది.” మరియమ్మ లేచి, బైబిలు పట్టుకుని దొడ్డి దిక్కు నడిచింది. “మూడు... ఒకటి... ఆరు...”

సంగీత వెంటపడింది. నీళ్లతొట్టి చుట్టూ అత్త ముందు, కోడలు వెనక. అరవై దాటిన మోకాళ్లు అంత చురుగ్గా తిరుగుతాయని సంగీత ఎన్నడూ అనుకోలేదు.

“ఏంది? పదహారుండాల్నా? నేను పదిహేనే చెప్పిన్నా?” మరియమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. “మరి గివే ఉన్నయి సారు. ఒకటి ఎటు పోయిందో ఏమో. మీ బ్యాంకుల దొరుకదా?”

అవతలి మనిషి అరుపులు సంగీతకు కూడా వినిపించాయి. ఆ ఒక్క అంకె వాడికి దొరికితే శ్రేయ సీటు గల్లంతే. ఒక్క ఉదుటున ఫోను లాక్కుని కట్ చేసి, తొట్టి పక్కన కూలబడి ఏడ్చేసింది.

“ఎందుకు బందు జేసినవే? వాణ్ని ఇంకో అర్ధగంట ఆడిస్తుంటి!”

సంగీతకు ఆ మాట చెవికెక్కలేదు. అత్త ఫోన్లోంచే బ్యాంకు నంబరుకు మిస్డ్ కాల్ ఇచ్చింది. కాసేపటికి మెసేజ్ వచ్చింది. అరవై ఎనిమిది వేల రెండు వందల నలభై. ఒక్క రూపాయి కదల్లేదు.

మూడుసార్లు చదువుకుంది. ఏడుస్తూనే నవ్వింది. లేచి అత్తను గట్టిగా వాటేసుకుంది.

“నువ్వొచ్చేటాళ్లకే అర్ధగంటైంది. గంతసేపు వాడు ఇంకొక్కరిని ముంచలే గదా,” అంది మరియమ్మ, మీసం ఉంటే మెలేసేంత ధీమాగా. “నా సొంత పైసలైతే రెండు తిట్లు తిట్టి పెట్టేస్తుంటి. గివి ఒక్కొక్క ఇంట్ల కడుపు కట్టుకొని తీసిన బియ్యం. దేవుడు నన్ను కావలి పెట్టిండు. ఊకె ఇడిసిపెడ్తనా?”

సంగీత తల దించుకుంది. “మీటింగుల నేనట్ల అనొద్దుండె అత్తమ్మా.”

“మంచిగనే అన్నవ్. నీ మాట ఇన్నంకనే కార్డు మన చర్చి భద్రమ్మ ఇంట్ల పెట్టెల పెట్టిచ్చి, తాళంచెవి నేను తెచ్చుకున్న. ఇద్దరం కలిస్తెగాని అది బయటికి రాదు.”

కళ్లు తుడుచుకుంటున్న సంగీత చెయ్యి ఆగిపోయింది. కార్డు నెల రోజులుగా ఈ ఇంట్లోనే లేదు!

“మరి గిందాకటి సంది సదివిన అంకెలేంది?”

మరియమ్మ బైబిల్లోంచి చిన్న చీటీ తీసి కోడలి చేతిలో పెట్టింది.

“చర్చి బోర్డు మీద రాసి రా, రేపటి ఐదు పాటల నంబర్లు గివే.”