కొత్త హోటలు సింగారం

పత్రికను ఒకేసారి ఇద్దరు పట్టుకున్నారు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు. బజారులో పాత పుస్తకాలమ్మే కొట్టు. అట్ట మీద రంగుల్లో ఒక గది బొమ్మ ఉన్న ఇంగ్లీషు పత్రిక.

పట్టుకున్నవాళ్లలో ఒకరు బనగానపల్లె గోపన్న. రెండో మనిషి తెల్లచొక్కా వేసుకున్న యువకుడు.

"మీరే తీసుకోండప్పా," అని యువకుడు వదిలేశాడు. "ఇంగ్లీషు చదువుతారా?"

"నాకు అచ్చరమ్ముక్క రాదు. బొమ్మల కోసం. మా ఊళ్లో కాఫీ హోటలు కట్టిస్తాండా. పాతది పాకలో ఉండె. రాజధానిలో ఎట్లెట్ల పెట్టినారో చూసి, అట్ల సింగారిద్దామని వచ్చినా."

యువకుడు పత్రిక తెరిచి ఒక బొమ్మ చూపించాడు.

"ఈ గది ఎట్లుండాది?"

"బాగుండాది. సామాన్లే లేవు గదా!"

"అందుకే బాగుండాది."

గోపన్నకు మనిషి నచ్చాడు. పేరు అడిగాడు. అయ్యన్న. సెక్రటేరియట్‌లో గుమాస్తా. ఆఫీసు ఇంకా గుడారాల్లోనే నడుస్తోంది. ఆ రోజు సెలవు.

"మీదే ఊరప్పా?"

"నంద్యాల హాస్టల్లో పెరిగినా."

"అయితే మనోడివే! పా, బజారు చూపిద్దువు."

క్యాలెండర్ల కొట్టు దగ్గర గోపన్న ఆగిపోయాడు. దేవుళ్లూ సినిమా తారలూ కలిపి ఒక చుట్ట కట్టించబోయాడు.

"ఒకటి చాలు," అన్నాడు అయ్యన్న. "గోడకు తెల్లసున్నం కొట్టించి ఊరికే వదిలేయండి."

బల్లల దగ్గర వాదన వచ్చింది. గోపన్నకు బెంగుళూరు హోటళ్లలోలాగా పాలరాయి కావాలి.

"పాలరాయి ఎందుకు? కడప బండ మనకు దగ్గరే గదా. నున్నగా చేయించి పరిపించండి. నల్లరాయి మీద తెల్లకప్పు పెట్టి చూడండి, ఎంత సొగసుగా ఉంటాదో."

గోపన్న కళ్లు మూసుకొని ఊహించుకున్నాడు. ఒప్పుకున్నాడు.

ఒక నవాబుల ఇంటి సామాన్లమ్మే చోట నిలువెత్తు అద్దం కనిపించింది. చెక్కచట్రం అంచు కాస్త చిట్లింది. అయ్యన్న దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది తీసుకోండి. వాకిలికి ఎదురుగా పెట్టండి. వీధిలో పోయేటోడు తల తిప్పితే, తనే లోపల ఉన్నట్టు కనిపిస్తాడు. ఇంగ రాకుండా ఉంటాడా?"

గోపన్న పకపకా నవ్వాడు.

"ఇవన్నీ యాడ నేర్చినావప్పా?"

"చిన్నప్పటి నుంచి నాకు హోటళ్లంటే శానా ఇష్టం. నిలబడి చూస్తాంటి."

ఎండ ముదిరింది. ఇద్దరూ ఒక హోటల్లో కూర్చున్నారు. గోపన్నే కాఫీ తిరగబోసి, నురగతో అతని ముందు పెట్టాడు. అయ్యన్న ఒక పొట్లం కాగితం సాపు చేసి హోటలు బొమ్మ గీశాడు. వాకిలి, అద్దం, బల్లలు, వంటిల్లు.

"ఒక్క వాకిలేనా?"

"ఒక్కటి చాలు. అందరూ దాంట్లో నుంచే రానీండి."

ఖర్చు తగ్గిస్తున్నాడనుకొని గోపన్న సంతోషించాడు.

"ఉగాదికి తెరుస్తా. నువ్వు రావల్ల. మొదటి కాఫీ నీకే."

అయ్యన్న కాగితం మడిచి ఇచ్చాడు.

"నాతో ఒక మనిషిని తోడుకొని రావచ్చునా?"

"పదిమందిని తోడుకొని రా!"

హోటలు బొమ్మలో ఉన్నట్టే లేచింది. తెల్లగోడలు, నల్లబల్లలు, ఎదురుగా అద్దం. బొమ్మలో లేనిది ఒక్కటే చేరింది. వెనక గోడకు ఒక చిన్న కిటికీ. హోటల్లో అడుగు పెట్టకూడని వాడ జనం అక్కడ తమ గ్లాసు తాము పట్టుకొని నిలబడతారు. లోపలి నుంచి ఎత్తి పోస్తారు. పాత పాకలోనూ అంతే. మేస్త్రీ అడగలేదు, గోపన్న ఆలోచించలేదు.

ఉగాది నాడు ఊరంతా వచ్చింది. అద్దంలో మీసం దువ్వుకోనివాడు లేడు. బల్లల మీద చెయ్యి రాసి చూడనివాడు లేడు. వాకిలి పక్కన ఒక్క బల్ల దగ్గర మాత్రం గోపన్న ఎవరినీ కూర్చోనివ్వలేదు.

"మా కర్నూలాయన వస్తాడు. ఇదంతా ఆయన సింగారమే," అని అందరికీ చెప్పాడు.

మధ్యాహ్నం వీధికి అవతల తెల్లచొక్కా కనిపించింది.

"రాప్పా అయ్యన్నా! రా రా!"

అయ్యన్న హోటలంతా కలియజూశాడు. నవ్వాడు. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తి, పక్క సందులోకి తిరిగాడు.

మళ్లీ రాలేదు.

దీపాలు పెట్టేదాకా ఆ బల్ల ఖాళీగానే ఉంది.

"సర్కారు కొలువు గదా," అన్నాడు గోపన్న, తన భార్య జీవమ్మతో. "మన హోటలు ఆయనకేం ఆనుతాది! ఎవరినో తోడుకొని వస్తానన్యాడు. ఆ వచ్చిన మనిషి ఎంత పెద్దోడో ఏమో, ఈడ తాగేదానికి నామోషీ అయిండల్ల."

మరునాడు పొద్దున ఆ బల్ల దగ్గర వేరేవాళ్లు కూర్చుంటే గోపన్న కాదనలేదు.

పనివాడు ఇంకా రాలేదు. వెనక కిటికీ దగ్గర చప్పుడైతే గోపన్నే కాఫీ చెంబు పట్టుకొని వెళ్లాడు. బస్టాండు ఊడ్చే గిడ్డమ్మ. కొత్త చీర కట్టుకుంది. గ్లాసు చాచింది. గోపన్న చెంబు ఎత్తి, తగలకుండా పోశాడు.

"రేపట్నుంచి రాను సామీ. కర్నూలు పోతాండా. ఇంగ ఆడనే ఉంటా."

"కర్నూల్లో ఎవరుండారు గిడ్డమ్మా నీకు?"

"నంద్యాల హాస్టల్లో చదివిన నా కొడుకు అయ్యన్న సామీ. నిన్న మీ హోటల్లోకి రమ్మని నా చెయ్యి పట్టుకొని గుంజె, నేను భయపడి రాలేనంటే వాడూ రాకపాయె."