మూత వెనుక మచ్చ

“తీగలు చచ్చాయి హర్షిణీ. దీన్ని పరిశోధన కేంద్రానికి పంపలేం,” అన్నాడు ల్యాబు పెద్ద అనంతరామ్.

హర్షిణి కంప్యూటర్ తెర వంకే చూస్తోంది. న్యూట్రాన్ ఏ చోట తగిలిందో లోపలి సన్నటి తీగలతో పసిగట్టి, చుక్కపెట్టి చూపించే డిటెక్టర్ అది. ఆ తీగలన్నీ అమర్చింది ఆమే. ఎదురుగా న్యూట్రాన్లు వెదజల్లే సోర్సు పెట్టారు. తెరంతా ఒకే తీరుగా చుక్కలు నిండాలి. కుడి మూలన మాత్రం నల్లటి మచ్చ. ఇవాళ పరీక్ష నెగ్గకపోతే ఈ పని ఆగిపోతుంది. గోదావరిఖని ల్యాబులో ఆమెకు కుర్చీ కూడా ఉండదు.

“నేను ముందే చెప్పిన,” గొణిగాడు టెక్నీషియన్ జైపాల్. “బొగ్గు బాయిల కొత్త మిషిని దిగితే మైసమ్మ తల్లికి మొక్కంది ఎవడన్న స్విచ్చి ఏస్తడా? సదయ్య కాక ఇనకపాయె.”

సదయ్య హర్షిణి తండ్రి. బొగ్గు గనిలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. డిటెక్టర్‌కు ఇనుప పెట్టె చేసిందీ, నిన్న ముందు మూత బిగించిందీ ఆయనే.

“సమ్మవ్వ దవాఖానల పడ్డప్పుడు మొక్కిన,” అన్నాడాయన కటువుగా. “ఏం జేసింది మీ మైసమ్మ? నా పెండ్లాన్ని కాట్లె కలిపిన్నాడే దండం బంద్. నా ముంగట ఆ పేరెత్తకు.”

నిజమే. భార్య పోయాక ఆ ఇంట్లో దీపం లేదు. ఒకసారి హర్షిణి వెలిగిస్తే నోటితో ఊదేశాడు.

“సర్, తీగ చస్తే గీత పడాలె. ఇది గుండ్రంగ ఉంది,” అంది హర్షిణి. “న్యూట్రాన్లు ఇనుములకెల్లి దాటిపోతయి. నీళ్ళున్నది అడ్డమొస్తేనే చెదిరిపోతయి. మూత వెనుక ఏదో ఉంది.”

“ఇనుప పెట్టెలో నీళ్ళా? విప్పి చూశాక ఏమీ లేకపోతే?”

“అప్పుడు నేనే పని బంద్ చేసి పోత సర్.”

సోర్సును దాని గూట్లోకి దించి పానా అందుకుంది.

“వద్దు బిడ్డా,” సదయ్య అడ్డం వచ్చాడు. “నా బిగింపు మీద నమ్మకం లేదా?”

“నా తీగల మీద నమ్మకముంది బాపూ.”

మూత ఊడింది. లోపలివైపు, సరిగ్గా కుడి మూలన, ఎర్ర గుడ్డలో కట్టిన నిమ్మకాయ. దానికి కుంకుమ బొట్టు.

అనంతరామ్ నిమ్మకాయనూ, తెర మీది మచ్చనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నవ్వాడు. “తీగలు చావడం కాదు, నీ డిటెక్టర్ ఇనుము వెనకాల నిమ్మకాయను పట్టేసింది! రేపే పంపుదాం. జైపాల్, నీ పనేనా ఇది?”

“నా పిల్లల మీద ఒట్టు సర్! మూత బిగించంగ కాక నన్ను దగ్గరికి కూడ రానియ్యలే.”

హర్షిణి తండ్రి వైపు తిరిగింది. సదయ్య నేల చూస్తున్నాడు.

“మైసమ్మను నేను మాఫ్ జెయ్యలే,” అన్నాడు. “నా మీది కోపం నీ మీద తీర్సుకుంటదేమోనని భయమైంది, బిడ్డా.”