కొత్త కారు, పాత దారి

"అద్దం దించు తల్లీ. అన్నీ మూసుకుని కూర్చుంటే కారు ఏం చెబుతోందో వినపడదు."

అడవి గేటు దగ్గర డ్రైవరు సీట్లోకి మారుతూ అన్నాడు సిక్స్‌టెన్. ఊళ్లోంచి అక్కడిదాకా కూతురు ఇల్వాయే నడుపుకొచ్చింది. బయట అక్టోబరు చలి కొరికేస్తోంది. అయినా ఆమె రెండు అద్దాలూ దించింది.

జిల్లా పత్రికలో కొత్త కార్ల మంచిచెడ్డలు రాయడం ఇల్వా ఉద్యోగం. ఈసారి వంతు ఈ బుల్లి కారుది. వారమంతా ఊళ్లో తిరుగుతుంది, ఆదివారం అడవి దారైనా ఎక్కుతుంది అని తయారుచేసినవాళ్ల మాట.

"అడవి దారుల సంగతి నీకంటే ఎవరికి తెలుసు నాన్నా? నువ్వు నడిపి చెప్పు, నేను రాస్తాను" అని ఫోన్లో అడిగింది. ఉద్యోగకాలమంతా ఊరి పక్క కొండ మీంచి దుంగల లారీ దింపిన మనిషి ఆయన. "సరే, మన కొండదారిలో అయితేనే" అన్నాడు.

పొద్దున వెళ్లేసరికి నున్నగా గడ్డం గీసుకుని, పెళ్లిళ్లకి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ చొక్కా చూడగానే ఇల్వాకి తల కొట్టేసినట్టయింది. నిజానికి పత్రికలో ఆయన అభిప్రాయం ఎవరూ అడగలేదు. పత్రిక ఒక వంక మాత్రమే.

అసలు సంగతి పక్కింటి ఆస్టా ఫోను. "మీ నాన్న మా ఉత్తరాల పెట్టెని కారుతో గుద్ది పడేశాడమ్మా. పోనీ, పొరపాటు అనుకున్నాం. ఎదురుపడితే పలకరించడే! చెయ్యి ఊపితే చూడనట్టు పోతాడు. మీ అమ్మ పోయాక పొగరెక్కిందో, మతే పోతోందో, కాస్త కనుక్కో."

మతి. ఆ మాట ఇల్వాని నిద్రపోనివ్వలేదు.

కారు కదిలింది. "ఈ తెర మీద ఏదో వెలుగుతోంది. ఏంటది? చదువు."

"నాలుగు చక్రాలకీ శక్తి అందుతోందని. కళ్లజోడేది నాన్నా?"

"మర్చిపోయా. నువ్వున్నావుగా, చదువుకున్నదానివి!"

మర్చిపోయా అన్న మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. సీటుబెల్టు పట్టుకుని దారికేసి చూస్తూ కూర్చుంది.

కానీ సిక్స్‌టెన్ నడపడం మొదలుపెట్టాక ఆ ముల్లు నెమ్మదిగా ఊడిపోసాగింది. చెవి బయటికి పెట్టి, కంకర చప్పుడు వింటూ, పెళ్లినడకలా తీసుకెళ్తున్నాడు.

"ఇప్పుడు కంకర అయిపోయి బంకమట్టి తగులుతుంది చూడు."

తగిలింది. చక్రాలు ఒక్క క్షణం ఉత్తినే తిరిగి, పట్టు దొరకబుచ్చుకున్నాయి.

"వెనక చక్రాలు ఆలస్యంగా మేలుకున్నాయి. రాసుకో. మంచు కరిగే రోజుల్లో ఆ బద్ధకం చాలు, ఇరుసుదాకా దిగబడ్డానికి."

మలుపులో ఎడమపక్క పొడుచుకొచ్చిన బండని, ఇల్వా ఇంకా చూడకముందే తప్పించాడు. ఆ పైన గతుకులో అడుగుభాగం రాయికి తగిలి టంగుమంది.

"నాలుగు వేళ్లెత్తు ఎక్కువుంటే తగిలేది కాదు. సోకు కారు! ఇదే మలుపులో నువ్వు నా లారీలో వాంతి చేసుకున్నావు, గుర్తుందా? మీ అమ్మ కొత్త టోపీలో."

"అదంతా ఇప్పుడెందుకు నాన్నా!" అంటూ పకపకా నవ్వింది. మతి పోయిన మనిషికి ఏ టోపీలో కక్కానో గుర్తుంటుందా? అనవసరంగా అనుమానించాననుకుంది.

అంతలో చెట్ల సందులోంచి గాడిదంత దుప్పి దారి మధ్యకి వచ్చి నిలబడింది.

"నాన్నా!"

ఆ కేక చెవిన పడగానే కారు టక్కున ఆగిపోయింది. దుప్పి తీరిగ్గా వాళ్లవంక చూసి, చెట్లలోకి వెళ్లిపోయింది. సిక్స్‌టెన్ చెవి బయటికి పెట్టి, కొమ్మల చప్పుడు ఆగేదాకా విన్నాడు.

"బ్రేకు బాగుంది" అన్నాడు. "రాసుకో."

ఈ వయసులో కాలికి అంత చురుకా! ఆస్టాని పిలిచి చూపించాలనిపించింది ఇల్వాకి. ఆ వెంటనే తన మీద తనకే రోత కలిగింది. నాలుగు ముక్కలు చాడీ వినగానే కన్నతండ్రికి పరీక్ష పెట్టడానికి బయల్దేరింది. అదీ అబద్ధమాడి. ఆయన తెల్లచొక్కా వేసుకొచ్చాడు.

కొండపైన ఇంజన్ ఆపి తాళం జేబులో వేసుకున్నాడు. ఇల్వా ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, కప్పు ఆయన చేతిలో పెట్టింది. యాలకుల రొట్టె తుంచి ఇచ్చింది.

"నాన్నా, నీకో అబద్ధం చెప్పాను."

"ఊఁ?"

"నిన్ను కారు కోసం తీసుకురాలేదు. పరీక్షించింది నిన్ను. నీ మతి సరిగ్గా లేదని ఆస్టా అంటే నమ్మాను. నాకంటే బాగా నడిపావు. నీకంతా గుర్తుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను నాన్నా, క్షమించు."

సిక్స్‌టెన్ కప్పు ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి కారు తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"దిగేటప్పుడు నువ్వే నడుపు."

"చూశావా, కోపమొచ్చింది!"

"కోపం కాదు. సిగ్గుగా ఉంది."

"సిగ్గు నాకుండాలి, నీకెందుకు?"

ఆయన ముసలి వేళ్లతో చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఇల్వా కన్నీళ్లు చెంపల మీదికి జారుతుండగా ఆయన భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నా మొహం చూసి చెప్పు నాన్నా. క్షమించావా, లేదా?"

"నీ మొహం నాకు కనబడ్డం మానేసి చాన్నాళ్లయింది, తల్లీ."