జావలో కలిపిన మాత్ర

చుక్కల మందు వచ్చాక హెచ్‌ఐవీ ఉన్న ఇళ్లలో జ్వరం శుభవార్త అయింది. దాక్కున్న వైరస్‌ను ఆ మందు నిద్రలేపుతుంది. అది మొహం చూపించగానే ఒంట్లోని కావలి కణాలు గుర్తుపట్టి, అది దూరిన కణాలను చంపుతాయి. ఆ పోరు తాలూకు జ్వరం పగలంతా నిలబడితే రోజువారీ మాత్రలకు సెలవే.

చీరాలలో బట్టలు కుట్టే సలోమికి కిందటేడు ఆ జ్వరం నిలబడలేదు. అత్త రాహేలమ్మ జాలిపడి జావలో జ్వరం మాత్ర కలిపేసింది.

ఈసారి సలోమి జావ తనే కాచుకుంది. వణుకుతూనే మిషను తొక్కుతోంటే అత్త మళ్లీ మాత్ర తీసింది.

"ఈ వణుకు నాది కాదత్తమ్మా, ఆ వైరస్‌ది. వణకనీ!"

పొద్దుగూకింది. రాహేలమ్మ థర్మామీటరు చూసి, మాత్రను కాలవలోకి విసిరి, వీధంతా వినపడేలా అరిచింది.

"మా కోడలికి ఇంకా నూటమూడుందర్రా!"