ఈ ఏడు సాక్ష్యం

"ఈ ఫొటోలో ఉన్నాయనెవరే?" అని అడిగింది జ్ఞానమ్మ.

"సీమోనుగారు. మా నాన్న," అంది శారోన్, తల్లి జుట్టు చిక్కు తీస్తూ.

జ్ఞానమ్మ ఫొటోని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసింది. తెల్ల యూనిఫాం, తెల్ల టోపీ, నేవీ కుర్రాడు.

"బాగున్నాడు. పెళ్లయ్యిందా?"

"అయ్యిందమ్మా. నిన్నే చేసుకున్నారు."

జ్ఞానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. ఎదురుగా కుర్చీలో ఉన్న రేచల్ మొహం పక్కకి తిప్పుకుంది.

రేచల్ పాస్టరుగారి భార్య. భార్యాభర్తలిద్దరూ మొన్న జూన్‌లోనే ఏలూరు నుంచి మామిడికుదురు సంఘానికి వచ్చారు. ఆ సాయంత్రం సీమోనుగారి జ్ఞాపకార్థ కూడిక. ఏర్పాట్లు చూసి వెళదామని ఆమె ముందే వచ్చింది.

ఏటా ఆ రోజున ఇంటి ముందు టెంటు వేసి, ప్రార్థన చేయించి, అందరికీ భోజనం పెడతారు. ఏటా జ్ఞానమ్మే లేచి నిలబడి భర్త గురించి సాక్ష్యం చెప్పేది. విన్నవాళ్లు ముందు పడీపడీ నవ్వేవారు, తరవాత కళ్లు తుడుచుకునేవారు.

కిందటేడు మధ్యలో ఆగిపోయింది. "నేనెవరి గురించి చెబుతున్నానండీ?" అని మైకులోనే అడిగింది.

అమలాపురం డాక్టరు మందులు రాసి, "పాత సంగతులు చెబుతూ ఉండండి. ఒక్కోసారి కొంత తిరిగొస్తుంది," అన్నాడు. రాజోలులో టీచరుగా చేస్తున్న శారోన్ ఒక్కతే కూతురు. బడి నుంచి రాగానే తల్లి పక్కన కూర్చుని రోజూ చెబుతూనే ఉంది. ఈ సాయంత్రం అమ్మ లేచి రెండంటే రెండు మాటలు చెబితే చాలు.

"నాన్న సెలవుకి వచ్చినప్పుడు స్నానం ఎలా చేసేవారో చెప్పనా? పక్కనే కాలవ నిండా నీళ్లు పోతుంటే ఒక్క చిన్న బక్కెట్టుతో సరిపెట్టేసేవారు. ఓడలో మంచినీళ్లు కొలిచి పోస్తారంట. 'ఏరా, నీ ఒక్కడి స్నానానికే గోదారి ఎండిపోద్దా' అని తాతయ్య కేకలేసేవారు."

"ఎండిపోద్దా!" జ్ఞానమ్మ నవ్వింది.

"ఓసారి ఆవుని కొబ్బరిచెట్టుకి ఓడముడి వేసి కట్టేరు. సెలవైపోయి విశాఖపట్నం వెళ్లిపోయేరు. ఆ ముడి విప్పడం ఇక్కడ ఎవరి వల్లా కాలేదు. ఆఖరికి తాతయ్య కత్తితో తాడు కోసేసేరు. 'నువ్వు ఓడల్ని కట్టుకోరా అబ్బాయ్, మా ఆవు జోలికి రాకు' అని ఉత్తరం రాయించేరు."

రేచల్ పకపకా నవ్వేసింది. ఆమె నవ్వు చూసి జ్ఞానమ్మ కూడా నవ్వింది.

శారోన్ వంగి తల్లి మొహంలోకి చూసి మళ్లీ అందుకుంది.

"నేవీ నుంచి వచ్చేసి సఖినేటిపల్లి రేవులో లాంచీ ఇంజన్లు బాగుచేసేటప్పుడు కూడా బట్టలు ఓడలో లాగే మడతపెట్టేవారు. చొక్కాని అరచేతిలో పట్టేంత చేసేసేవారు. నీ చీరలు కూడా ఆయనే మడిచేవారమ్మా. నువ్వు పెడితే పెట్టెలో పట్టవని."

జ్ఞానమ్మ ఒళ్లోని కొంగుని మడవసాగింది. అంచుకి అంచు కలిపి, చిన్నగా, ఇంకా చిన్నగా.

శారోన్ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"అమ్మా! గుర్తొస్తోందా?"

"ఏంటీ?" అంది జ్ఞానమ్మ. కొంగు చేతిలోంచి జారిపోయింది.

రేచల్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "శారోన్‌గారూ, ఏమీ అనుకోకండి. ఆవిడ్ని ఇబ్బంది పెట్టడం దేనికండీ? మీరింత కళ్లకి కట్టినట్టు చెబుతున్నారు. ఈ ఏడు సాక్ష్యం మీరే చెప్పేయండి."

"వద్దండీ. అది అమ్మే చెప్పాలి."

"కూతురు చెబితే మాత్రం తప్పేముందండీ?"

"అమ్మే చెప్పాలండీ." ఈసారి కాస్త గట్టిగానే అంది.

రేచల్ నొచ్చుకుందేమోనని మళ్లీ తనే, "ఆయ్, అమ్మ చెబితే వేరేగా ఉంటదండీ," అంది.

"అవుననుకోండి. ఒక్కతే కూతురు కదా, మీ నాన్నగారు మిమ్మల్ని ఒళ్లోంచి అసలు కిందకి దించేవారు కాదేమో!"

"కాఫీ తెస్తానుండండి," అని శారోన్ లోపలికి వెళ్లింది. మొహం కడుక్కుని, కాఫీ కప్పుతో వచ్చింది.

బయట టెంటువాళ్లు కుర్చీలు దించుతున్నారు. మైకు కుర్రాడు "హలో, హలో" అంటున్నాడు. ఆ శబ్దానికి జ్ఞానమ్మ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది. తరవాత ఫొటో వైపు చూసింది.

"ఈయన గొంతు ఎలా ఉండేదే?"

శారోన్ మళ్లీ దువ్వెన అందుకుంది.

"చెప్పవే. బొంగురుగా ఉండేదా? నన్ను పిలిస్తే ఎలా వినిపించేది?"

ఇన్ని నెలల్లో జ్ఞానమ్మ ఇంతగా పట్టుబట్టి అడగడం ఇదే మొదలు. రేచల్ కూడా కప్పు కింద పెట్టి, ఇంకో ముచ్చట వినబోతున్నట్టు శారోన్ వైపు తిరిగింది.

శారోన్ తల్లి ముందు నేల మీద కూలబడింది. రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వే చెప్పమ్మా. కొంచెం ఆలోచించు. ఒక్కసారి, నీకు దణ్ణం పెడతాను."

"నాకేం తెలుసే?" అంది జ్ఞానమ్మ జాలిగా. "అన్నీ నువ్వే కదా చెబుతున్నావు. ఇదీ నువ్వే చెప్పు."

సీమోనుగారు పోయాక పుట్టిన శారోన్, నాన్న గురించి చిన్నప్పటి నుంచీ ఈ అమ్మ నోటే అన్నీ విన్నది గానీ, ఆయన గొంతు ఎలా ఉండేదో మాత్రం ఒక్కనాడూ అడగలేదు.