దారి అడిగే క్లాసు

డోర్ నంబరు చెబితే చాలు, చెవిపోగులే దారి చెప్పే రోజుల్లో, ఏలూరులో ఓ కాలేజీ "దారి అడగడం" అనే క్లాసు పెడితే అందరూ పగలబడి నవ్వారు. మిగతా క్లాసుల్లో సీట్లు నిండిపోయి, సుధేష్ణ గత్యంతరం లేక అందులో చేరింది. పాఠం చెప్పేది రిటైరైన పోస్ట్‌మాన్ వీర్రాజుగారు.

పరీక్ష రోజున ఆయన అందరి చెవిపోగులూ తీయించి, తలా ఒక చీటీ ఇచ్చారు. "వీణ నేర్పే వర్ధనమ్మగారిల్లు. గంటలో చేరాలి." డోర్ నంబరు లేదు.

పాతబస్తీలో సుధేష్ణ కనబడ్డవాళ్లనల్లా అడిగింది. "నంబరు చెబితే పోగుని అడుగుతానండి" అంటూ అందరూ సాగిపోయారు. అరగంట వృథా అయ్యాక గానీ మాస్టారి మొదటి పాఠం గుర్తు రాలేదు: ముందు నువ్వెవరో వాళ్లను అడగనివ్వాలి.

ఇస్త్రీ బండి దగ్గర ఆగి, మంచినీళ్లు అడిగి నింపాదిగా తాగింది. బండి అప్పన్న ఎగాదిగా చూశాడు.

"ఎవరి తాలూకమ్మా నువ్వు?"

"గణపవరం రైసుమిల్లు సోమయ్యగారి మనవరాలినండి."

"అయ్యబాబోయ్, గణపవరమా! మా అత్తోరి ఊరే! ఎక్కడికెళ్లాలి తల్లీ?"

దారి చెప్పి ఊరుకోలేదు అప్పన్న. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, వర్ధనమ్మగారి పచ్చ గేటుదాకా వెంట నడిచాడు. లోపల కాఫీ తాగుతున్న వీర్రాజుగారు గడియారం చూసి, "క్లాసు మొత్తానికి నువ్వే ముందు!" అన్నారు.

ఈ సంగతి ఊరంతా పాకి, మరుసటి ఏడు ఆ క్లాసుకి నాలుగొందలమంది ఎగబడితే, పెద్ద హాల్లోకి మార్చారు. చెవిపోగు తీసేసిన కొత్తమ్మాయి ఒకతె వరండాలో సుధేష్ణను ఆపింది.

"అక్కా, దారి అడిగే క్లాసు ఎటు?"

సుధేష్ణ నడుం మీద చెయ్యేసుకుని తీరిగ్గా నవ్వింది.

"చెప్తాలే. ముందు నువ్వెవరి తాలూకు?"