మూడుసార్లు సరిచూసేది

పశువుల చెవులకు తగిలించే ట్యాగుల చిప్పుల్లోకి నేను నంబర్లు ఎక్కిస్తాను. ఎదురు బల్ల దగ్గర నా భార్య వాటిని రీడర్‌తో సరిచూసేది. అందరూ ఒకసారి చూస్తే ఆమె మూడుసార్లు చూసేది. నెల క్రితం జ్వరంతో ఆ బల్ల మీదే తల వాల్చి చనిపోయింది.

ఈ రాత్రి షెడ్డులో నేనూ సూపర్‌వైజరూ తప్ప ఎవరూ లేరు. నేను నంబరు ఎక్కించగానే ఆమె బల్ల మీది రీడర్ చిప్పు చదివినట్టు మూడుసార్లు కూసింది. జానెడు దూరం దాటితే అది చదవదు. చిప్పు ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఆపరా దాన్ని!" అని సూపర్‌వైజర్ వైరు పీకేశాడు. అది మళ్ళీ మూడుసార్లు కూసింది.

"అన్నా, నీకు దండం పెడతా. వదినకి నువ్వైనా చెప్పు," అన్నాడు ఈసారి.

"జ్వరమని ఆమె సెలవడిగితే నటిస్తున్నావన్నది నువ్వు. నువ్వే చెప్పుకో."

ఇంకో చిప్పు అందుకున్నాను.